కల్లంతా ఒక్కటే కాదు

పోయిన వేసవిలో మా మనుమడు బెంగళూరులో నన్నొక చోటికి తీసుకొని వెళ్లాడు. బీరును అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే పోసే అంగడి అది. అద్దపు గోడకు ఆవల నిలువెత్తు స్టీలు పాత్రలు, వాటికి గొట్టాలు, ఉష్ణమాపకాలు. ఒక చెక్క పళ్లెంలో నాలుగు చిన్న గ్లాసులు తెచ్చి పెట్టారు. ఒకటి లేత గోధుమరంగు, ఒకటి తేనెరంగు, ఒకటి రాగిరంగు, నాలుగవది కాఫీ కషాయం వలె నల్లనిది. నేను మద్యం సేవించేవాడిని కాను. అయినా వైద్యుడి ముక్కు ఊరుకోదు గనుక ఒక్కొక్కటి తీసి వాసన చూశాను. గోధుమ బీరులో అరటిపండు వాసన, వెనుకగా లవంగపు ఘాటు. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ రెండు పరిమళాలను పుట్టించినది ఈస్టు. అరటివాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే రసాయనానిది, లవంగపు ఘాటు వినైల్ గ్వయకాల్ అనే మరొకదానిది. ఈస్టు జాతి మారితే వాసన మారుతుంది. అది పెరిగిన వేడిమి నాలుగు డిగ్రీలు మారినా మారుతుంది.

"తాతయ్యా, ఈ రుచి ఈ ఒక్క అంగడిలోనే దొరుకుతుంది. పక్క వీధికి వెళితే ఇంకో రుచి. ఫ్యాక్టరీ బీరు కాదు, కలిపిందేమీ లేదు, అంతా సహజం. ఆరోగ్యానికి ఇది ఫరవాలేదు కదా?" అన్నాడు వాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. "ఒరే, ఒక్కొక్క చోటికి ఒక్కొక్క రుచి అన్న సంగతి మాకు కొత్త కాదు. మా ఊళ్లో చెట్టు చెట్టుకూ మారేది" అన్నాను. వాడు నవ్వాడు. రెండవ ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు. నాకు వచ్చే ఉత్తరాలలో కూడా ఈ ప్రశ్న తరచు కనిపిస్తుంది గనుక ఆ జవాబు ఇక్కడ వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దానిని దాటవేసి ఈ విషయం వ్రాయడం నాకు చేతకాదు.

ముందు పులియడం సంగతి. బీరు ధాన్యంతో తయారవుతుంది. బార్లీ గింజలో ఉన్నది పిండిపదార్థం. ఈస్టు పిండిని తినలేదు, చక్కెరనే తింటుంది. అందుచేత గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకలో పుట్టే ఎంజైముల చేత పిండిని చక్కెరగా మార్పించాలి. ఆ పైన కాచాలి, హాప్స్ పూలు వేసి చేదు రప్పించాలి, చల్లార్చి ఈస్టు కలపాలి. కల్లుకు ఈ శ్రమ ఏదీ లేదు. తాటిచెట్టు గెలలోనుంచి కారే రసంలో నూటికి పది పాళ్లకు పైగా చక్కెర సిద్ధంగా ఉంటుంది. గాలిలోని ఈస్టులు, లొట్టి గోడకు నిన్నటినుంచి అంటుకొని ఉన్న ఈస్టులు, వాటితోపాటు లాక్టిక్ బాక్టీరియాలు, జైమోమోనాస్ అనే మరొక బాక్టీరియా మొదటి చుక్క పడిన క్షణాన పని మొదలుపెడతాయి. తెల్లవారుజామున దింపిన కల్లు తియ్యగా, నురుగుతో ఉంటుంది. మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఆలస్యమైతే ఎసిటిక్ బాక్టీరియాలు చేరి అది సిర్కా అవుతుంది. మంచి కల్లులో మద్యసారం నూటికి నాలుగైదు పాళ్లు, అనగా సుమారుగా బీరులో ఉన్నంతే.

బెల్జియంలో బ్రస్సెల్స్ నగరం పక్కన సెన్ నది లోయలో లాంబిక్ అనే బీరు చేస్తారు. దానిలో ఈస్టు కలపరు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టెలో పోసి, కిటికీలు తెరచి, రాత్రి గాలికి వదిలివేస్తారు. గాలిలో ఏది వచ్చి పడితే అదే పులియబెడుతుంది. ఆ లోయ గాలి ఆ బీరుకు ప్రాణమని వారి నమ్మకం. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన లొట్టి చేసే పనీ అదే. మన గీత కార్మికుడిని ఎవరూ ఏ జాబితాలోనూ చేర్చలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అరవై అడుగుల చెట్టును మోకు ఆధారంతో ఎక్కి, గెల కొసను పలుచగా చెక్కి, లొట్టి కట్టి దిగేవాడు అతడు. చెక్కు ఒక నూలుపోగు మందం ఎక్కువైతే గెల ఎండిపోతుంది. మా కాలంలో ప్రభుత్వాసుపత్రికి వెన్నుపూస విరిగి వచ్చిన రోగులలో చెట్టు మీదనుంచి పడినవారు చాలామంది. నడుము కింద స్పర్శ లేక, పడక పుండ్లతో, మూత్రపు గొట్టంతో జీవితం గడిపినవారిని చూశాను. వారి లొట్టిలోని రుచిని గూర్చి మాట్లాడేటప్పుడు నాకు ఆ మంచాలు కూడా గుర్తుకు వస్తాయి.

మాది మంగళగిరి. కొండమీద స్వామికి పానకం నివేదించే ఊరు. బెల్లం నీళ్ల వాసన, మగ్గాల చప్పుడు, వీటి మధ్య పెరిగాను. ఊరికి బయట, నిడమర్రు వైపు చేల గట్ల మీద తాళ్లు ఉండేవి. మా తండ్రిగారు బడిపంతులు. కల్లు పేరు ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదు. అయినా వేసవి సెలవులలో తెల్లవారకముందే చేలకు పోయి, గీసే ఆయన దించిన సున్నపు లొట్టిలోని రసం దోసిటపట్టి త్రాగేవాళ్లం. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులవదు. దానినే కాచి తాటిబెల్లం వండేవారు. పక్క చెట్టు లొట్టిలో సున్నం ఉండేది కాదు, అది పెద్దవాళ్లది. "ఇది నీకు, అది మీ మామయ్యకు" అనేవాడు ఆయన, మా మామయ్య సంగతి మా తండ్రిగారికి తెలియదన్న ధీమాతో. పోతుతాటి కల్లు ఒక రుచి, పండుతాటి కల్లు ఒక రుచి అనీ, ఏ గట్టు చెట్టుది ఎక్కువ తీపి అనీ ఆయనకు నోటి లెక్క. కల్లు అనగా నా మనసులో నిలిచిపోయిన భావన అది: పలుచని, పులపుల్లని, పూట దాటితే పాడైపోయే, పెద్దగా హాని చేయని చెట్టు పాలు. ఈ భావనే పిదప నన్ను పట్టి ముంచింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రంపచోడవరం ఏజెన్సీలో కొంతకాలం పనిచేశాను. అక్కడ తాడు కాదు, జీలుగు. చేప తోక వంటి ఆకులున్న పొడవైన చెట్టు. ఒక్కొక్క చెట్టు రోజుకు పదుల లీటర్లు ఇస్తుంది. ఆ చెట్టు ఒక కుటుంబానికి ఆస్తి. పంపకాలలో దానికీ వాటా వేస్తారు. జీలుగు కల్లు చిక్కగా, పాలవలె తెల్లగా ఉండి తాటికల్లుకన్న తియ్యగా ఉంటుంది. చెట్టు మొదట్లోనే కూర్చొని, ఆకు దొన్నెలలో పోసుకొని త్రాగుతారు. అమ్మకం అప్పట్లో బహు తక్కువ. ఇంకా ఎగువకు, ఒడిశా సరిహద్దుకు పోతే చెట్టు రసం కాక ధాన్యం వస్తుంది. అన్నం వండి ఆరబెట్టి, మూలికలతో చేసిన ముద్దలు కలిపి పులియబెట్టే హండియా వంటివి. శాస్త్రం ప్రకారం అవే అసలైన మన బీర్లు. ఈస్టూ బూజూ ఆ మూలికల ముద్దలో ఎండి నిద్రపోతూ ఉంటాయి. ఒక్కొక్క గూడెం ముద్దది ఒక్కొక్క పాకం. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే ఒక ఈస్టు కణాన్ని వేరుచేసి పెంచిన తరువాత ప్రపంచమంతటా బీరు ఒకే రుచికి వచ్చే దారి పడింది. ఇప్పుడు బెంగళూరులో మా మనుమడు డబ్బు పెట్టి కొనుక్కుంటున్నది ఆ పోయిన వైవిధ్యాన్నే.

ఏజెన్సీలో తాగుడు వలన కాలేయం చెడినవారు లేరని కాదు. ఉన్నారు. కాని త్రాగినదేమిటో వారికీ నాకూ తెలుసు.

1988లో తెలంగాణలోని ఒక తాలూకా ఆసుపత్రికి నన్ను బదిలీ చేశారు. ఊరి పేరు వ్రాయను. ఒకనాడు నలభై ఏళ్ల రైతు హెర్నియా ఆపరేషనుకు చేరాడు. కేసు షీటులో అలవాట్ల గడి దగ్గర అడిగాను. "సారా ముట్టడు సారూ, కల్లు తాగుతడు" అన్నది భార్య. నేను వ్రాసుకొన్నది నాకు ఇప్పటికీ కంటికి కట్టినట్లుంది: మద్యం లేదు, కల్లు మాత్రమే. ఆపరేషను చక్కగా జరిగింది. రెండవనాటి రాత్రి అతడికి నిద్ర పట్టలేదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. గోడమీద ఏవో పాకుతున్నాయని చూపించాడు. సారా మానినవారిలో వచ్చే సన్నిపాతం నాకు తెలియనిది కాదు. కాని వీడు సారా త్రాగడు కదా అని జ్వరం చూశాను, మలేరియాకు రక్తం చూశాను, ధనుర్వాతమేమోనని దవడ చూశాను. స్థిమితపడడానికి క్లోర్‌ప్రొమజీన్ ఇంజెక్షను ఇచ్చాను. మూర్ఛ వచ్చే స్వభావం పొంచి ఉన్నవారిలో ఆ మందు మూర్ఛను మరింత దగ్గరకు తెస్తుంది.

మూడవనాడు ఉదయం ఆ భార్య నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్క సీస తెచ్చి పోస్త సారూ, గట్లనే నిమ్మళమైతడు" అన్నది. నేను కేకలు వేశాను. ఆసుపత్రిలో కల్లా అన్నాను. కుట్లు మానని మనిషికి కల్లు పోస్తావా, నీకు బుద్ధి ఉన్నదా అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. మధ్యాహ్నం మూర్ఛలు మొదలయ్యాయి. డైజీపామ్ ఒక ఆంప్యూల్ ఇవ్వగానే ఆగి, మూడు రోజులలో మొదటిసారిగా ప్రశాంతంగా పడుకొన్నాడు. ఆ ప్రశాంతత నాకు చెప్పిన సంగతిని నేను చదువుకోలేకపోయాను. మూర్ఛలో కక్కుకొన్నది అప్పటికే ఊపిరితిత్తులలోకి పోయింది. నాలుగవనాటి తెల్లవారుజామున చనిపోయాడు.

ఆ సాయంత్రం మా కంపౌండరు, వయసులో నాకంటె పెద్దవాడు, మందుల గది తాళం వేస్తూ అన్నాడు: "ఇక్కడి కల్లు మీ కృష్ణా కల్లు కాదు సార్. నన్నడిగితే చెప్పేవాణ్ణి." ఆ ప్రాంతంలో అమ్మే సీసాలలో చెట్టు రసం నామమాత్రం. నీళ్లు, తీపికి సాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్ లేక డైజీపామ్. జనం నోట దాని పేరు డైజోఫాం. పుస్తకంలో నేను చదివిన నిద్రమందు ఆ ఊళ్లో సీసాలో రోజూ మూడు పూటలా దొరికేది. దానిని హఠాత్తుగా ఆపింది నేను. ఆమె అడిగిన సీసాలో ఉన్న మందు నా అలమారలో ఆంప్యూల్ రూపంలో ఉంది. దానిని మొదటి రాత్రే ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవలసింది.

ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు జవాబు చెట్ల లెక్కలోనే ఉన్నది. ఈతచెట్టు గాని తాటిచెట్టు గాని కాలాన్ని బట్టి, పూటను బట్టి ఇంతే ఇస్తుంది. చెట్లు నరికివేతకు పోయాయి, ఎక్కేవారు తగ్గారు, త్రాగేవారు తగ్గలేదు. లోటును పొడి పూడ్చింది. కొన్నేళ్లకు నాలుక పొడికే అలవాటుపడి, చెట్టు కల్లు పోస్తే "ఇందులో ఏమీ లేదు" అని సీసా విసిరేసే స్థితి వచ్చింది. నిజాయితీగా గీసి అమ్మేవాడు మొదట దెబ్బతిన్నాడు.

ఇది మన జాతి దోషమని ఎవరైనా అంటే ఒప్పుకోను. బవేరియాలో బీరులోకి బార్లీ, హాప్స్, నీరు తప్ప ఏదీ పోరాదని 1516లోనే శాసనం చేయవలసి వచ్చింది. ఇంగ్లండులో పలుచని బీరుకు మత్తు తెప్పించడానికి కలిపిన వస్తువు మన దేశపు అడవులనుంచే వెళ్లింది. తెలుగులో దానిని కాకమారి అంటాము. చేపలను మైకపరచి పట్టడానికి వాడే విషపు కాయ. అక్కడ 1816లో చట్టం చేసి నిషేధించారు. అయినా ఆగకపోతే 1820లో ఎకమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆహారంలోని కల్తీలపై పుస్తకం వ్రాసి, శిక్షపడిన వర్తకుల పేర్లు కూడా అచ్చువేశాడు. ఇక్కడొక విచిత్రం. కాకమారిలోని పిక్రోటాక్సిన్ మెదడులో ఏ గ్రాహకం మీద పనిచేసి మూర్ఛలు తెప్పిస్తుందో, సరిగ్గా ఆ గ్రాహకం మీదనే డైజీపామ్ దానికి విరుద్ధంగా పనిచేసి మూర్ఛలను ఆపుతుంది. రెండు దేశాల కల్తీదారులు చదువు లేకుండానే ఒకే తలుపు తట్టారు.

నా రోగి చనిపోయిన ఇరవై ఏడేళ్లకు, 2015 సెప్టెంబరులో, తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు ఒక్కసారిగా దాడులు చేసి అమ్మకం ఆపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వందల సంఖ్యలో వచ్చారు. వణుకు, పిచ్చిచూపులు, మూర్ఛలు. పత్రికలలో ఆ ఛాయాచిత్రాలు చూసి ఆనాడు నేను భోజనం చేయలేదు. ఆపడం సరియైన పనే. ఆపే ముందు రోజు ఆసుపత్రులలో మందు సిద్ధం చేసుకోవలసింది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. మూత్రపిండాలు దెబ్బతినినవారు డయాలిసిస్‌కు వెళ్లారు. ఈసారి వినిపించిన పేరు అల్ప్రాజోలం. మందు మారింది, సీసా అదే.

ఇక మా మనుమడి ప్రశ్న. అర లీటరు బీరులో మద్యసారం నూటికి ఐదు పాళ్లుంటే అది ఇరవై ఐదు మిల్లీలీటర్లు, తూకంలో సుమారు ఇరవై గ్రాములు. రాగిపాత్రలో కాచినా, కంపెనీ డబ్బాలో వచ్చినా, తాటిగెలనుంచి కారినా కాలేయానికి ఆ ఇరవై గ్రాములు ఇరవై గ్రాములే. మద్య పానీయాలు క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రకటించినది కూడా 1988లోనే. నేను కేసు షీటులో కల్లు మాత్రమే అని వ్రాసిన సంవత్సరం అది. ఇంత వరకు త్రాగితే హాని లేదు అని చెప్పదగిన పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టపరచింది. కల్లు త్రాగితే మూత్రపిండాలలో రాళ్లు కరుగుతాయని, కామెర్లు తగ్గుతాయని ఇప్పటికీ నన్ను అడిగేవారున్నారు. కరగవు. తగ్గవు. కామెర్ల రోగికి కల్లు పోయడమంటే కాలుతున్న ఇంటిమీద కిరసనాయిలు చల్లడమే. బీరు వలన మూత్రం ఎక్కువ వస్తుంది. కీళ్లవాతం ఉన్నవారికి యూరిక్ ఆమ్లమూ ఎక్కువవుతుంది.

నీరా సంగతి కొందరు అడిగారు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. గీత కార్మికులకు మేలు జరిగితే సంతోషమే. అయితే నీరాలో చక్కెర లేదన్న ప్రచారం నమ్మకండి. రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసులో ఇరవై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి అది పానకంతో సమానం. మరొక మాట: బంగ్లాదేశ్‌లో ఖర్జూర జాతి చెట్ల పచ్చి రసాన్ని రాత్రిళ్లు గబ్బిలాలు ముట్టడం వలన నిపా వ్యాధి మనుషులకు సోకింది. లొట్టి మూతికి తడికె గాని వల గాని కట్టించడం చిన్న పని.

రోజూ కల్లు త్రాగేవారు, ముఖ్యంగా సీసా కల్లు త్రాగేవారు, ఇది చదివి రేపటినుంచి మానేస్తామని ఇంట్లో తలుపు వేసుకొని కూర్చోవద్దు. మానాలి, వైద్యుడి దగ్గరకు వెళ్లి మానాలి. మా మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది, జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్యులున్నారు. వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం మొదలైతే అది అత్యవసరం. ఆపరేషనుకు చేరేటప్పుడు సిగ్గుపడకుండా చెప్పండి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

ఆ రైతు పోయిన తరువాత పదవీ విరమణ వరకు నేను పనిచేసిన ప్రతి ఆసుపత్రిలోనూ అలవాట్ల గడి పక్కన చేతితో మూడు ప్రశ్నలు వ్రాయించాను. ఏ ఊరి కల్లు? చెట్టు కిందనా, సీసానా? ఆఖరిసారి ఎప్పుడు? కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు మొదటి ప్రశ్న చూసి నవ్వేవారు. వారిని కూర్చోబెట్టి, సీస తెచ్చి పోస్తానన్న ఆమె సంగతి చెప్పేవాణ్ణి.